లక్షన్నర కిలోమీటర్లు దాటిన కారును నమ్మకంగా నడుపుకోవడం ఎలా?

పాత కారు అనగానే అందరి చూపూ ముందు మీటరు రీడింగు మీదే పడుతుంది. వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చిన ఇంజిన్ రెండు లక్షల కిలోమీటర్ల తరువాత కూడా బాగానే తిరుగుతుంది గాని, దాని చుట్టూ ఉన్న గొట్టాలు, బెల్టులు, సీళ్లు, ద్రవాలు అంతకాలం ఆగవు. అందువల్ల చేతిలో ఉన్న డబ్బును సీటు కవర్ల కంటే, పాలిష్ కంటే ముందు వీటికే కేటాయించాలి.

1. ఏది ఎప్పుడు మార్చారో రాసుకోండి

ఇంజిన్ ఆయిల్, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో ఒక నోటు పుస్తకంలో రాయండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే, బిల్లు దొరకని ప్రతిదాన్నీ మార్చలేదనే అనుకోవాలి. ముఖ్యంగా మీ ఇంజిన్‌లో పిస్టన్ల, వాల్వుల కదలికను జోడించి నడిపేది టైమింగ్ చైనా, బెల్టా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. బెల్టు గడువు దాటి తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులను తాకి వాటిని వంచేస్తాయి. ఆ ఖర్చు బెల్టు ధరకు ఎన్నో రెట్లు.

2. ఇంజిన్ వేడెక్కకుండా చూసుకోండి

మే నెల ఎండలో ఏసీ వేసుకుని, జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్లే పాత కారుకు అసలు పరీక్ష ఇక్కడే. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, డబ్బాలో కూలెంట్ మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. రేడియేటర్‌కు వెళ్లే లావు గొట్టాలను వేళ్లతో నొక్కి చూడండి: బాగున్న గొట్టం కాస్త లొంగి వెంటనే తన ఆకారానికి వస్తుంది, మరీ మెత్తబడినా, బిరుసెక్కి పగుళ్లు తేలినా మార్చేయాలి. క్లిప్పుల చుట్టూ ఎండిన మరక పేరుకుని కనిపిస్తే, అక్కడి నుంచి కూలెంట్ ఊరుతోందన్నమాట.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు. లోపలి ద్రవాన్ని ఒత్తిడిలో ఉంచి, అది 100 డిగ్రీల దగ్గరే మరిగిపోకుండా ఆపేది ఆ మూతే కాబట్టి, దాని స్ప్రింగు గాని రబ్బరు వాషరు గాని బిగువు తప్పితే మిగతావన్నీ బాగున్నా కూలెంట్ పొంగిపోతుంది. తగ్గిన కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయకండి, గార కట్టి రేడియేటర్ పూడుకుపోతుంది. విడిగా కొన్న కూలెంట్‌ను సాధారణంగా డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపాలి. ముందే కలిపి అమ్మేదానికి నీరు అక్కర్లేదు.

బండి వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ వాల్వును (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వనిది) పీకేసి పంపే అలవాటు కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉంది. దానికి ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ తగిన వేడికి రావడానికి చాలా సేపు పట్టి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు లోపమేమో అలాగే ఉండిపోతుంది. దారిలో ఇంజిన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతే ఏసీ కట్టేసి, పక్కకు ఆపి, ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి వెళ్లకుండా ఆగాలి.

3. ఆయిల్ మట్టాన్ని మీరే చూడండి

అరిగిన ఇంజిన్ సర్వీసుకూ సర్వీసుకూ మధ్య కొంత ఆయిల్ తాగుతుంది. బండిని చదునైన చోట ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) తుడిచి మళ్లీ ముంచి చూడండి. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారైనా ఇది జరగాలి. ఆయిల్ మూత అడుగున పాలమీగడ లాంటి తెట్టె కనిపించి, కూలెంట్ కూడా తగ్గుతుంటే, హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ దిమ్మెకూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) వెంటనే చూపించాలి. కూలెంట్ తగ్గకుండా ఆ తెట్టె మాత్రమే ఉంటే, రోజూ బజారు దాకా మాత్రమే తిరిగే బండిలో చేరిన తేమ కావచ్చు.

4. ఘాట్ ఎక్కే ముందు బ్రేకులు, టైర్లు

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాలూరు దాటాక కోరాపుట్ వైపు ఉన్న ఘాట్ నుంచి దిగివచ్చేటప్పుడు, బ్రేకుల వేడికి ఆ తేమ ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి దాన్ని మార్చాలి, దిగుడులో తక్కువ గేరులో రావాలి. టైరు ఎప్పుడు తయారైందో దాని పక్కగోడ మీద ఉండే నాలుగంకెలు చెబుతాయి. వాటిలో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు పని అయిపోయినట్టే.

5. ఉప్పుగాలి, వరద నీరు

కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఉండేవారు బండి అడుగుభాగాన్ని తరచు మంచినీటితో కడిగించాలి. తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలను సన్నని పుల్లతో శుభ్రం చేయండి. మట్టి పూడిన తలుపు లోపలి నుంచే తుప్పు పడుతుంది. 2018 అక్టోబరు నాటి తిత్లీ లాంటి తుపాను వచ్చి బండి నీట మునిగితే, నీరు తీశాక కూడా తాళం తిప్పకండి. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ తీగ విప్పి, బండిని తోయించుకుని షెడ్డుకు చేర్చాలి.

6. పదిహేనేళ్లు నిండుతుంటే

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. పరీక్షలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు కనుక, గడువుకు రెండు మూడు నెలల ముందే ఆ పనులు చేయించుకుని, కాలుష్య ధ్రువపత్రం, బీమా చెల్లుబాటులో ఉన్నాయో లేదో సరిచూసుకుని దరఖాస్తు చేయండి.