లెన్స్‌లో ఫంగస్: నేను ఎలా వదిలించానంటే

విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే. నా పాత 50 ఎంఎం మాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) కెమెరా లెన్స్‌కి ఫంగస్ పట్టింది. మామూలుగా చూస్తే కనపడదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి వెనక నుంచి టార్చి వేస్తే, ముందు గాజు లోపలివైపు సాలెగూడులా సన్నటి తెల్లటి పోగులు. ఫంగస్ వదిలే ఆమ్లం గాజు మీది పలుచటి పూతను, అంటే కోటింగ్‌ని తినేస్తుంది కాబట్టి వెంటనే పని మొదలుపెట్టాను.

ముందు రింగును రబ్బరు బిరడాతో నొక్కి తిప్పితే వదులైంది. లోపలి రింగుకు లెన్స్ స్పానర్ (రింగు గాట్లలో పెట్టి తిప్పే పనిముట్టు) కావాలి. గాజు బయటికి తీసే ముందు ఏ వైపు పైకి ఉందో ఫోటో తీసుకోండి, ఇది చాలా ముఖ్యం. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో లెన్స్ టిష్యూ తడిపి, మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచాను. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి. పోగులన్నీ పోయాయి. అంచున చిన్న మచ్చ మాత్రం మిగిలింది. అక్కడ కోటింగే పోయింది, ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు. ఎండకు ఎదురుగా తీస్తే తప్ప ఫోటోల్లో తేడా తెలియడం లేదు.

ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమ 40–50 శాతం మధ్య ఉంచుతున్నాను. గింజల రంగు మారగానే కొత్తవి వేస్తాను. ఆటోఫోకస్, జూమ్ లెన్సులైతే ఇంట్లో విప్పొద్దు, లోపలి రిబ్బన్ కేబుళ్లు చాలా సున్నితం. వాటిని మెకానిక్‌కే ఇవ్వండి.