వలస వచ్చిన ఉద్యమకారులు అమెరికాలో స్టేట్ లెజిస్లేటర్ (మన ఎమ్మెల్యే లాంటి పదవి) కావాలంటే

ముందుగా ఒక జాగ్రత్త, ఇక్కడ పొరపాటు జరిగితే మిగతాదేదీ పనికిరాదు. సిటిజన్‌షిప్ రాకముందు ఓటు వేయకండి, ఓటరుగా నమోదు కూడా కాకండి. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఓటరు నమోదు గురించి అడుగుతారు, హడావుడిలో టిక్ పెట్టి సంతకం చేసేస్తే ఎన్నో ఏళ్ల తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అది బయటపడి డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు. మామూలుగా గ్రీన్ కార్డ్ వచ్చిన 5 ఏళ్లకు సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం వేసుకోవచ్చు. ఇండియా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి మన పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఆ రోజు మనసుకు కష్టంగానే ఉంటుంది.

అక్కడే పుట్టి ఉండాలన్న నియమం ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులకే. స్టేట్ హౌస్‌కి (రాష్ట్ర చట్టసభలో దిగువ సభ) వయసు, నివాసం లాంటి షరతులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సస్‌లో అయితే 21 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో 2 ఏళ్లు, పోటీ చేసే డిస్ట్రిక్ట్‌లో (అంటే నియోజకవర్గం, జిల్లా కాదు) ఏడాది ఉండి ఉండాలి. ఇల్లు మారే ముందు డిస్ట్రిక్ట్ మ్యాప్ చూసుకోండి, రోడ్డు దాటితే వేరే డిస్ట్రిక్ట్ అయిపోయే చోట్లు చాలా ఉన్నాయి.

సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు, అసలు పునాది పడేది పోటీకి ముందు చేసిన పనిలోనే. చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వలసదారుల మీద దౌర్జన్యాలు పెరుగుతుంటే సియాటెల్‌లో హేట్ ఫ్రీ జోన్ అనే సంస్థ పెట్టారు, కొత్త పౌరులను వేల సంఖ్యలో ఓటర్లుగా చేర్పించారు, వాషింగ్టన్ రాష్ట్ర ఎగువ సభ అయిన స్టేట్ సెనేట్‌కి గెలిచింది 2014లో. మధ్యలో పదేళ్లకు పైగా పని ఉంది, గమనించండి. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్‌లో ట్రాఫిక్, రోడ్ల పనులు చూసే ఇంజినీరు, 2010లో ఆ రాష్ట్ర దిగువ సభ అయిన హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కి గెలిచారు, 2018లో అమెరికా కాంగ్రెస్ (దేశ పార్లమెంటు) సీటుకు ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయినా 2023లో లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) అయ్యారు.

కాబట్టి ఒక్క సమస్య పట్టుకోండి. అద్దెలు, స్కూలు బస్సు, జీతం ఎగ్గొట్టిన యజమాని, ఏదైనా సరే. దాని మీద బిల్లు చట్టసభ కమిటీకి వచ్చినప్పుడు వెళ్లి సాక్ష్యం చెప్పండి, చాలా చోట్ల దానికి సిటిజన్ అయి ఉండాల్సిన పని లేదు. మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే. నమస్కారాలతో మొదలుపెడితే అసలు మాట రాకముందే టైమ్ అయిపోతుంది, అందుకే జీతం ఎగ్గొట్టిన సంగతైతే మొదటి వాక్యంలోనే నష్టపోయిన మనిషి ఎవరు, ఎన్ని వారాల జీతం రాలేదు, చట్టంలో ఏ ముక్క మారాలి అన్నది చెప్పేయండి. యాస గురించి టెన్షన్ పడకండి, నెమ్మదిగా మాట్లాడితే చాలు.

పోటీకి దిగాక ఒక్క డాలర్ తీసుకోకముందే ప్రచార కమిటీ రిజిస్టర్ చేసి, ట్రెజరర్‌ని పెట్టుకుని, వేరే బ్యాంకు ఖాతా తెరవండి. మనవాళ్లు ప్రేమతో చెక్కులు రాసేస్తారు, కానీ హెచ్1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ల దగ్గర, ఇండియాలో ఉన్న అమ్మానాన్నల దగ్గర విరాళం తీసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్న స్నేహితులు జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా సాయం చేయొచ్చు. బ్యాలెట్‌లో పేరు రావడానికి ఓటర్ల సంతకాలు సేకరించాల్సిన రాష్ట్రమైతే కావాల్సినవాటికన్నా సగం ఎక్కువే పెట్టుకోండి, డిస్ట్రిక్ట్ బయటివాళ్ల సంతకాలు కొట్టేస్తారు.

ఇంకోమాట, తెలుగు సంఘం స్టేజీ మీద సన్మానం జరిగితే సంతోషమే గానీ ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది వేరే వేరే డిస్ట్రిక్టులవాళ్లు. ఓట్లు గుమ్మాల దగ్గర ఉన్నాయి. చాలా డిస్ట్రిక్టుల్లో ఫలితం ప్రైమరీలోనే తేలిపోతుంది, ప్రైమరీకి వచ్చే ఓటర్లు తక్కువ, వాళ్ల లిస్టు దొరుకుతుంది. తలుపు కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడండి, పేరు చెప్పండి, "మీ వీధిలో ఏం మారాలి?" అని అడిగి ఊరుకోండి. చెప్పింది అక్కడే రాసుకోండి, వారంలో ఫోన్ చేయండి.

జీతం సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి. న్యూ హాంప్‌షైర్‌లో ఏడాదికి 100 డాలర్లు, టెక్సస్‌లో 7,200, కాలిఫోర్నియాలో లక్ష పైనే. తక్కువ ఇచ్చే చోట ఉద్యోగం వదలలేరు, కాబట్టి చట్టసభ సమావేశాలు జరిగే నెలల్లో సెలవు ఇస్తారో లేదో నామినేషన్ వేయకముందే ఆఫీసులో అడిగేయండి.