బెయిలుపై వచ్చిన మనిషి వాయిదా తప్పకుండా చూడండి

మా ప్రాంతానికి చెందిన ఒక యువకుడు 11 నెలలు జైలులో ఉండి, బెయిలుపై ఇంటికి వచ్చిన 40 రోజులకే గత నెలలో మళ్లీ జైలుకు వెళ్లాడు. అతడు కొత్తగా ఏ నేరమూ చేయలేదు. పొరుగు జిల్లాలో తాపీ పని దొరికిందని వెళ్లి వరుసగా రెండు వాయిదాలకు హాజరు కాకపోవడంతో కోర్టు నాన్‌బెయిలబుల్ వారెంట్ జారీ చేసింది.

విడుదలైనవారిని ఆదరించాలని, నిందించరాదని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను చెప్పదలచినది వాయిదా గురించే. బెయిలు వచ్చిందంటే కేసు ముగిసినట్లేనని నమ్మి నష్టపోయిన కుటుంబాలను నేను చాలా చూశాను. బెయిలు వచ్చినా విచారణ సాగుతూనే ఉంటుంది. వాయిదా తప్పితే జామీను నిలిచిన అన్నో మేనమామో బాండు సొమ్ము కట్టవలసి రావచ్చు, మరోసారి బెయిలు దొరకడం కష్టమవుతుంది. పైగా తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడం భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడగల వేరే నేరం.

విడుదలకు ముందే బెయిలు ఉత్తర్వు నకలు తీసుకుని, అందులోని షరతులను ప్లీడరు చేత చదివించుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఏ రోజున సంతకం చేయాలో, ఊరు దాటడానికి అనుమతి కావాలో లేదో అందులోనే ఉంటుంది. కేసుకు ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసుకుంటే, ఈ-కోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా తేదీని మీరే చూసుకోవచ్చు. అతడిపై వేరే కేసులు ఉన్నాయేమో కూడా ముందే విచారించండి, ఎందుకంటే ఒక కేసులో విడుదలైన మనిషిని మరో కేసు వారెంటుపై జైలు గేటు దగ్గరే తీసుకువెళ్లే అవకాశం ఉంది.

జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా కోర్టుకు ఆ సంగతి తనంతట తెలియదు. ప్లీడరు ద్వారా ఆ రోజే భారతీయ నాగరిక సురక్షా సంహిత 355వ సెక్షన్ కింద గైర్హాజరు పిటిషన్ వేయించి, ఆసుపత్రి కాగితాన్ని జతపరచండి. వాయిదా ఇప్పటికే తప్పి ఉంటే దాక్కోనివ్వకండి. పోలీసులు వచ్చేలోగా అతడే కోర్టుకు వెళ్లి, వారెంటును వెనక్కి తీసుకోమని కోరే రీకాల్ పిటిషన్ వేయడం మేలు. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి.

పనిలో చేర్చండి, కానీ వాయిదా రోజున సెలవు కావాలని యజమానికి మొదటి రోజే చెప్పండి. ఫిర్యాదుదారుతో, సాక్షులతో మాట్లాడనివ్వకండి, రాజీ కోసమైనా సరే. జైలులో టీబీ మందులు మొదలై ఉంటే ఒక్క రోజు కూడా ఆపనివ్వకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉచితంగా ఇస్తారు. పాత స్నేహితులు విడుదల పండుగ చేస్తామంటే పంపకండి. మత్తు ఇంజెక్షన్లు, హెరాయిన్ అలవాటు ఉన్నవారికి జైలులో ఉన్నన్నాళ్లలో శరీరపు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది కాబట్టి మునుపటి మోతాదే ప్రాణం తీయగలదు. నిద్ర పట్టక, ఎవరితోనూ మాట్లాడక మూలన కూర్చుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేయండి. స్టేషన్ సంతకానికి ఒంటరిగా పంపకండి. ఫోన్ నంబరు మారితే ప్లీడరుకు, జామీనుదార్లకు అదే రోజు తెలపండి. గుమాస్తా నోటిమాటగా చెప్పిన తేదీని నమ్మి ఊరుకోకండి, యాప్‌లో సరిచూడండి. వాయిదా తేదీని గోడమీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాయండి. ముందు రోజు రాత్రి అతడు ఇంట్లోనే పడుకోవాలి, తెల్లవారి మొదటి బస్సుకు మీలో ఒకరు అతడి వెంట బయలుదేరాలి.