తుంగభద్ర ఎర్రనీళ్లకు పటిక ఎంత వేయాలి? విద్యార్థులతో జార్ టెస్ట్ చేయించడం ఎలా

కర్నూలు దగ్గర తుంగభద్రకు వరదొస్తే నీళ్లు ఎర్రగా చిక్కబడతాయి. పర్యావరణ ఇంజనీరింగ్ తరగతికి అంతకంటే మంచి నమూనా దొరకదు. పటిక మోతాదు మాత్రం ముందే చెప్పకండి. బీకర్లలో వేర్వేరు మోతాదులు వేసి ఏది బాగా తేరుస్తుందో చూసే జార్ టెస్ట్‌తో వాళ్లే కనుక్కోవాలి.

ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకుండా, గట్టు మీంచే తాడు కట్టిన బకెట్‌తో 20 లీటర్లు తోడించి క్యాన్‌లో పోయించండి. లీటరు బీకర్లు ఆరు, పిపెట్, పీహెచ్ పేపర్ కావాలి. జార్ టెస్ట్ యంత్రం లేకపోతే ఒక్కొక్కరికి ఒక గాజు కడ్డీ ఇవ్వండి, ఒకరు వాచీ చూసి చెబుతారు.

10 గ్రాముల పటిక పొడిని కొద్ది డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మొత్తం లీటరు చేయండి. ఇందులో 1 మి.లీ. లీటరు నీళ్లలో పడితే మోతాదు 10 మిల్లీగ్రాములు. ఎక్కువమంది తప్పేది ఈ లెక్క దగ్గరే. ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి. కిరాణా కొట్టు పటికలో అల్యూమినియం తక్కువ. నీటి ప్లాంటులో వాడేది అల్యూమినియం సల్ఫేట్ కాబట్టి కిరాణా పటికతో తేలిన మోతాదు అక్కడ పనికిరాదు.

క్యాన్‌ను బాగా కుదిపి బీకర్లు నింపండి, లేకపోతే చివరి దానికి అడుగు బురదంతా వస్తుంది. మొదటి బీకరులో పటిక వద్దు. మిగతా వాటిలో వరుసగా 1 నుంచి 5 మి.లీ. ఒకేసారి వేయించండి. నిమిషం పాటు వేగంగా, నిమిషానికి 100 చుట్లు తిప్పాలి. తర్వాత 20 నిమిషాలు 30 చుట్లే. ఇక్కడ ఓపిక పట్టాలి: గసగసాలంత తునకలు కనబడి, ఒకదానికొకటి అంటుకుని పింజల్లా అవుతాయి. తొందరపడి జోరుగా తిప్పితే విరిగిపోతాయి, మళ్లీ సరిగా అతుక్కోవు.

అరగంట కదపకుండా తేరనిచ్చి, పైనుంచి 5 సెం.మీ. లోతులో పిపెట్‌తో నీళ్లు తీసి, మడ్డితనం కొలిచే టర్బిడిటీ మీటరులో చూడండి. తాగునీటికి భారత ప్రమాణం 1 ఎన్‌టీయూ (మడ్డితనానికి కొలమానం), వేరే నీటి వనరు లేకపోతే 5. ఈ నీళ్లు ఇంకా ఫిల్టర్ దాటాలి కాబట్టి జార్‌లోనే అంత రావాలని లేదు.

మోతాదుకు మడ్డితనం ఎంతో గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగి, కొన్నిసార్లు మళ్లీ పైకి లేస్తుంది. బంకమట్టి రేణువులది రుణావేశం, పటిక మితిమీరితే అది ధనావేశంగా మారి రేణువులు మళ్లీ విడిపోతాయి. అయిదో బీకరు దాకా గీత దిగుతూనే ఉంటే మోతాదులు పెంచి మళ్లీ చేయించండి. పటిక నీటి క్షారత్వాన్నీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) తింటుంది, ఒక మిల్లీగ్రాముకు దాదాపు అర మిల్లీగ్రాము. పీహెచ్ 6 కంటే తగ్గితే కాస్త సున్నపు తేట కలపండి.

వరద తగ్గాక అదే చోట నీళ్లు తెచ్చి మళ్లీ చేయించండి, మోతాదు మారుతుంది. ఒక జట్టుకు పటిక బదులు, నీళ్లను తేర్చే చిల్లగింజను అరగదీసి ఇచ్చి పోల్చమనండి.

అడుగు బురదను సింకులో పోయనివ్వకండి, గొట్టం పూడుతుంది. కొలజాడీలో పోసి ఎన్ని మి.లీ. ఉందో రాయించండి. రోజూ కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటులో ఈ బురద ఎంత అవుతుంది, ఎక్కడ పోయాలి అన్నది తర్వాతి ప్రాజెక్టు.