షుగర్ పుండు ఎముకదాకా వెళ్లిందా? యాంటీబయాటిక్ ఆపే ముందు ఇవి చూసుకోండి

– పుండు ఆరిందని మీరే మందు ఆపేయకండి. పైన చర్మం మూసుకున్నా లోపల ఎముకలో ఇన్ఫెక్షన్ మిగిలి ఉండొచ్చు. తిరగబెడితే వేలు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది.

– డాక్టర్ దగ్గరికి ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి, మందు ఎన్నాళ్లు వాడాలో ఎముక తీశారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎముక తీయకుండా మందులతోనే నయం చేస్తుంటే మామూలుగా 6 వారాలు వాడతారు. చెడిన ఎముక మొత్తం తీసేస్తే కొద్ది రోజులే చాలు. ఏమీ చూడకుండా అందరికీ ఒకే గడువు పెట్టడం నాకు సరైన పద్ధతి అనిపించదు.

– తగ్గలేదని అదే మందు ఇంకో నెల పొడిగిస్తామంటే, చచ్చిన ఎముక మిగిలిందా, పాదానికి రక్తం సరిగా అందుతోందా అని తప్పకుండా అడగండి. రక్తం అందని చోటికి మందు కూడా సరిగా చేరదు.

– లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడకం 2 వారాలు దాటితే వారం వారం సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించాలి, రక్తకణాలు పడిపోవచ్చు. చూపు మసకబారితే అదే రోజు డాక్టర్‌కి చెప్పండి.

– ఎక్స్‌రే ఇంకా మామూలుగా లేదని టెన్షన్ వద్దు. ఎముకలో మార్పు ఫిల్మ్‌లో ఆలస్యంగా కనిపిస్తుంది.

– మందు ఆపాక కనీసం 6 నెలలు పాదం చూపించుకుంటూ ఉండండి.