పెన్షన్ లెక్కలు – 4వ పాఠం: పనిలో దెబ్బ తగిలితే ఏ పెన్షన్ అడగాలి?

పోయిన పాఠంలో ఈపీఎస్ (పీఎఫ్ ఆఫీసు నడిపే ఉద్యోగుల పెన్షన్ పథకం) సూత్రం నేర్చుకున్నాం. సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. ఈరోజు కూడా దానితోనే పని.

వరంగల్‌లో ఎనుమాముల వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో మెషీన్ నడిపే కార్మికుణ్ణి తీసుకుందాం. వయసు 53, సర్వీసు 14 ఏళ్లు, సగటు జీతం 15,000. రోలర్లలో చెయ్యి నలిగింది. ఇక ఆ పని చేయలేడు. తోటివాళ్లు ఏమంటారు? "యాభై దాటినయ్ గదా, పెన్షన్ పెట్టుకో" అంటారు. మంచికే చెప్తారు గానీ, అక్కడే నష్టం జరుగుతుంది.

లెక్క వేయండి. 15,000 × 14 ÷ 70 = 3,000. ఇది 58 ఏళ్లకు వచ్చే పెన్షన్. పని మానేసి 50 దాటాక ముందే తీసుకుంటే, అంటే ముందస్తు పెన్షన్ అడిగితే, 58కి తగ్గిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. ఐదేళ్లకు దాదాపు 20 శాతం పోయి, చేతికి 2,400 దాకా వస్తుంది. ఆ కోత 58 నిండినా పోదు.

అదే వైకల్య పెన్షన్ అయితే కోత లేదు, పూర్తి 3,000. దీనికి 50 ఏళ్లు నిండాలని గానీ, పదేళ్ల సర్వీసు ఉండాలని గానీ లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. కనీస పెన్షన్ 1,000. రెండింటికీ ఫారం 10-డీయే. అందులో పెన్షన్ రకం రాసే గడి ఉంటుంది. సంతకం పెట్టే ముందు అక్కడ ఏం రాశారో మీరే చదవండి. ఇంకొకరు నింపి ఇచ్చారని వదిలేయొద్దు.

మరి నష్టపరిహారం? మిల్లుకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉంటే, పూర్తి శాశ్వత వైకల్యానికి సగటు జీతంలో 90 శాతం జీవితాంతం వస్తుంది. పాక్షికమైతే మెడికల్ బోర్డు వేసిన శాతాన్ని బట్టి. ఈఎస్ఐ లేకపోతే యజమాని ఒకేసారి పరిహారం కట్టాలి. ఒకే ప్రమాదానికి ఈ రెండూ రావు. కానీ ఆ డబ్బు వచ్చిందని ఈపీఎస్ పెన్షన్ తగ్గించాలనే నిబంధన ఈపీఎస్ సూత్రంలో లేదు.

ఎక్కువమంది ఆగిపోయేది వైద్య పరీక్ష దగ్గర. ఈఎస్ఐ బోర్డు చూసేది సంపాదించే శక్తి ఎంత పోయిందని. పీఎఫ్ వాళ్లు చూసేది, ప్రమాదం నాటికి చేస్తున్న ఆ పనికి శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయాడా అని. అందుకే ఈఎస్ఐలో శాతం తక్కువ వచ్చిందని ఇక్కడ దరఖాస్తు మానుకోవద్దు. మిల్లు ఇచ్చిన యాక్సిడెంట్ రిపోర్టు, ఆసుపత్రి కాగితాలు, చేసిన పని పేరు రాసి ఉన్న ఐడీ కార్డు ఒక్కచోట పెట్టుకోండి.

అభ్యాసం: స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు, వయసు 46, సర్వీసు 7 ఏళ్లు, సగటు జీతం 14,000. ప్రమాదంతో ఆ పనికి శాశ్వతంగా దూరమైంది. ఆమె ముందస్తు పెన్షన్ అడగగలదా? వైకల్య పెన్షన్ ఎంత వస్తుంది? కాగితం మీద వేసి చూడండి. జవాబు 5వ పాఠంలో.