విక్టోరియా కాలపు ఇంగ్లిష్ పల్లెలో ఒక కూలి కుటుంబాన్ని వెతకడం ఎలా

విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండ్ పల్లె గురించి చదవాలనుకునేవాళ్లు చాలామంది భూస్వామి బంగళాతో మొదలుపెడతారు. మీరు అలా చేయకండి. ఒక్క పొలం కూలి కుటుంబాన్ని పట్టుకోండి, మిగతా ఊరు వాళ్ల వెనకాలే కనిపిస్తుంది.

ముందు 1851 జనాభా లెక్కలు తెరవండి. 1841వి కూడా ఉన్నాయి గానీ, వాటిలో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు, పైగా పెద్దవాళ్ల వయసును చాలాచోట్ల ఐదేళ్ల లెక్కకు తగ్గించి వేశారు కాబట్టి 39 ఏళ్ల మనిషి 35గా కనిపిస్తాడు. 1851లో ఇంటి పెద్దతో బంధుత్వం, పని, పుట్టిన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరి ప్రాంతం) అన్నీ ఉంటాయి.

ఆ పారిష్ పేరు దొరికిందంటే సగం పని అయినట్టే. ఇక అక్కడి చర్చి రిజిస్టర్లు చూడండి. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్తిస్మం దగ్గర తల్లిదండ్రుల పేర్లు, ఉండే చోటు, తండ్రి వృత్తి రాసేవారు. అయితే అక్కడ ప్రధానంగా ఉండేది బాప్తిస్మం తేదీ, దాన్నే పుట్టినరోజు అనుకోవద్దు, కొందరు ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకేరోజు ఇప్పించారు. పేరే లేకపోతే టెన్షన్ పడకండి, ఊరి చర్చి నుంచి విడిపోయిన మెథడిస్టులనే క్రైస్తవ శాఖవాళ్లై ఉండొచ్చు, వాళ్ల చాపెల్ (ప్రార్థన మందిరం) రికార్డులు వేరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి 1837 జులై తర్వాతి పెళ్లి రిజిస్టర్లు. వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు కూడా ఉంటాయి. కింద సంతకాల దగ్గర ఆగి చూడండి. చదువు రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టేవారు. భర్త ఇంటూ పెట్టి, పక్కనే భార్య వంకరటింకర అక్షరాలతో పేరు రాసుకున్న పేజీ కనిపిస్తే, ఆ ఇంట్లో ఉత్తరాలు ఎవరు చదివి ఉంటారో ఊహించగలం.

ఇల్లు ఎక్కడుందో కావాలంటే దశమభాగం పటాలు చూడండి. చర్చికి పంటలో ఇచ్చే పదో వంతును 1836 చట్టం డబ్బు చెల్లింపుగా మార్చింది. అందుకోసం గీసిన పటాల్లో ప్రతి భూమి చెక్కకూ నంబరు ఉంటుంది, పటంతో పాటు ఉండే జాబితాలో ఆ నంబరుకు యజమాని, అనుభవదారు (అక్కడ ఉండేవాడు లేదా సాగుచేసేవాడు), విస్తీర్ణం ఉంటాయి. అన్ని పారిష్‌లకూ ఇవి లేవు.

ముసలివాళ్లు తర్వాతి లెక్కల్లో మాయమైతే వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలను ఉంచి పని చేయించే ఇల్లు) చూడండి. 1834 చట్టంతో పారిష్‌లను కలిపి యూనియన్లు చేశారు, కాబట్టి అది పక్క పట్నంలో ఉండొచ్చు. అక్కడ చనిపోయినా కొందరిని సొంత పారిష్‌కే తెచ్చి పాతిపెట్టారు, అందుకే ఊరి సమాధుల రిజిస్టర్‌లో నివాసం గడిని కూడా తప్పక చదవండి.